పదో పేరు

మర్చిపోయినవాళ్లకూ, ఈ వారమే పత్రిక చేతికందినవాళ్లకూ ముందుగా కొంత చెప్పాలి.

ప్రతీక్షకు ఇరవయ్యారేళ్లు. మహారాష్ట్రలో నాందేడ్ జిల్లా హిమాయత్‌నగర్ అవతల, తెలంగాణ సరిహద్దుకు ఆనుకున్న పల్లెలో దిగంబర్ పటేలు కూతురు. నాందేడ్‌లో కోచింగుల గల్లీలో ఒక అభ్యాసికలో, అంటే పోటీ పరీక్షల పిల్లలు కుర్చీ మాట్లాడుకుని పొద్దంతా చదువుకునే గదిలో, బల్ల దగ్గర కూర్చునే ఉద్యోగం ఆమెది. దాంతోపాటు ఇంకో పని కూడా చేస్తుంది. ఫోన్‌లో ఆడే ‘చోర్ కోణ్’, అంటే ‘దొంగ ఎవరు’ అనే ఆటకు మనుషుల్ని చేరుస్తుంది. పదిమంది ఒక ఊరివాళ్లు. అందులో ఇద్దరు దొంగలు. ఆ ఇద్దరెవరో మిగతావాళ్లకు తెలియదు. ఒకరి మొహం ఒకరు చూడకుండా, గొంతులు విని అనుమానించుకుని, రోజుకొకర్ని ఊరినుంచి వెళ్లగొట్టాలి. దొంగ చేయాల్సిందల్లా దొరక్కుండా అబద్ధమాడటం. ఆట నడిపేవాణ్ణి మాలక్ అంటారు. అతన్ని ఎవరూ చూడలేదు.

ప్రతీక్ష తెచ్చిన ఆటగాళ్లలో అందరికన్నా గట్టివాడు సిద్ధార్థ. దిగంబర్ పటేలు చేలో కూలికి వచ్చే శివవ్వ కొడుకు. పదకొండు ఆటలాడి ఒక్కదాంట్లోనూ దొరకలేదు. మాలక్ మెచ్చుకుని, పరదేశంలో కంప్యూటర్ ఉద్యోగం ఉందన్నాడు. నాలుగు నెలల కింద సిద్ధార్థ విమానం ఎక్కాడు.

పోయిన వారం పాత ఆటగాడు అమోల్ వచ్చి అసలు సంగతి చెప్పాడు. ఆట పేరుతో మాలక్ వెతికేది బాగా అబద్ధమాడేవాళ్లను. ఏరినవాళ్లను తీసుకుపోయి, ఎత్తైన గోడల మధ్య పెట్టి, పాస్‌పోర్టులు గుంజుకుని, ఫోన్లలో జనాన్ని మోసం చేసే పనికి కూర్చోబెడుతున్నాడు. పారిపోవాలని చూసినవాళ్లకు కరెంటు పెడతారట.

అంతవరకు చెప్పి, అమోల్ ప్రతీక్ష మొహంలోకి చూశాడు. ఆమె ఏడుస్తుందనుకున్నాడు. ఆమె రిజిస్టరు మూసి, “సరే” అంది.

*

ఆ ‘సరే’ అన్నప్పటినుంచి ప్రతీక్షకు లోపల ఏమీ తగలడం లేదు. పన్ను పీకేముందు డాక్టరు సూది వేస్తే దవడ ఎలా ఉంటుందో అలా ఉంది. అది తన దవడేనని తెలుసు, ముట్టుకుంటే మాత్రం ఇంకెవరిదో అనిపిస్తుంది. ఆకలి వేళకు తిన్నది. పడుకునే వేళకు నిద్రపోయింది. అభ్యాసికలో ఎవరు ఎన్నో నంబరు కుర్చీలో కూర్చున్నారో రాసింది. ఫ్యాను తిరగడం లేదని ఒక పిల్లవాడు చెబితే మెకానిక్‌కు ఫోన్ చేసింది.

అన్నిటికన్నా వింత, ఆ రెండో పనీ ఆపలేదు. ఆపాలని గట్టిగా అనుకోవడానికి కూడా లోపల ఎవరో ఒకరు ఉండాలి కదా. కొత్త ఆటకు పది పేర్లు కావాలని మాలక్ అప్పటికే చెప్పి ఉన్నాడు. ఎప్పటిలాగే తెలుగులో, మరాఠీలో, హిందీలో ఆమె నాలుగు గ్రూపుల్లో ప్రకటన పెట్టింది: ‘పది మంది కావాలె. మొకం సూపియ్యనక్కర లేదు, గొంతు చాలు. అబద్ధమాడుడు వస్తె మంచిది. రాకుంటె ఆడుకుంట నేర్చుకోవచ్చు.’

తొమ్మిది పేర్లు వచ్చాయి. ముఖేడ్‌లో విత్తనాల దుకాణంలో పనిచేసేవాడొకడు. గోకుందనుంచి ఒక అమ్మాయి, పెళ్లిచూపుల్లో నలుగురికి నాలుగు రకాలుగా జవాబిచ్చానని గొప్పగా రాసింది. ఇదే అభ్యాసికలో పద్నాలుగో నంబరు కుర్చీ పిల్లవాడు కూడా పేరిచ్చాడు. వాడు రోజూ ఎదురుగానే కూర్చుంటాడు, పోలీసు భర్తీ పుస్తకం ముందు పెట్టుకుని. ప్రతీక్ష వాడి వైపు చూసేది. చూసి, కుర్చీ నంబరు రాసుకునేది.

రోజూ పొద్దున మాలక్ దగ్గరనుంచి ఒకే మాట: ‘పదో పేరు ఏది?’

‘చూస్తున్న,’ అని జవాబిచ్చేది.

మంగళవారం మధ్యాహ్నం రెండు దాటాక మెట్ల మీద ఎవరో చెప్పులు లేకుండా ఎక్కుతున్న చప్పుడైంది. తలుపు దగ్గర శివవ్వ నిలబడి ఉంది. చేతిలో ప్లాస్టిక్ సంచి, చీర కొంగులో ముడి వేసిన ఫోను. ఊరినుంచి నాందేడ్‌కు ఆమె ఒంటరిగా రావడం అదే మొదటిసారి.

గదిలో నలభైమంది తలలు వంచుకుని చదువుతున్నారు. గోడ మీద ‘శాంతతా రాఖా’ అని పెద్ద అక్షరాలు. శివవ్వకు ఆ అక్షరాలు రావు గాని, అక్కడ మాట్లాడకూడదని తెలిసిపోయింది. నోరు విప్పకుండా ప్రతీక్షనే చూస్తూ నిలబడింది. ప్రతీక్ష లేచి ఆమెను మెట్ల మధ్యన చెప్పుల స్టాండూ నీళ్ల ఫిల్టరూ ఉన్న చోటికి తీసుకుపోయి తలుపు దగ్గరికి వేసింది.

“ఎప్పుడచ్చినవ్ శివవ్వా?”

“పొద్దుగాల ఎస్టీ బస్సుకు. బస్టాండు కాడికెల్లి అడుక్కుంట నడిచచ్చిన.”

“నీళ్లు తాగుతవా?”

“తాగుత.”

గ్లాసు ఖాళీ చేసి శివవ్వ మెట్టు మీద కూర్చుంది. ఊళ్లో అయితే పటేలు ఇంటి అరుగు కింద నేల మీద కూర్చుంటుంది. ఇవాళ ప్రతీక్ష కూర్చున్న మెట్టు మీదే, ఆమె పక్కనే కూర్చుంది. ‘పటేలమ్మా’ అని కూడా అనలేదు.

“నీకాడికి లడాయికి రాలె బిడ్డా. ఒక్కటి అడుగుత, నిజం చెప్పు. నా కొడుకు ఏడున్నడు?”

“తెల్వదు.”

“ఎవలకెరుక?”

“మాలక్‌కు ఎరుక.”

“మాలక్ అంటె ఎవలు?”

“నాకు తెల్వదు శివవ్వా. నేనెన్నడు సూడలె.”

శివవ్వ ఖాళీ గ్లాసు పక్కన పెట్టింది. “సూడనోని చేతికి నా కొడుకునెట్ల ఇచ్చినవ్?” అంది. గొంతు పెంచలేదు. తలుపవతల చదువుకునే పిల్లలు ఉన్నారన్న గుర్తు ఆమెకు పోలేదు.

ప్రతీక్ష శివవ్వ వేళ్ల వైపు చూసింది. పత్తి ఏరే రోజులివి. కాయల మొనలు గీరుకుని గోళ్ల పక్కన సన్నగా పగుళ్లు, కొన్నిటిలో నెత్తురు ఎండి నల్లబడింది. ఆ చేతులు చూస్తే ఏదో ఒకటి అనిపించాలి అనుకుంది. ఏమీ అనిపించలేదు.

“ఆ దినం మా ఇంటికచ్చినవ్,” అంది శివవ్వ. “మా మంచం మీద కూసున్నవ్. సిద్ధు తెలివిగలోడు, కూలికి పోతె ఖరాబైతడు, నా మాటిని పంపు అన్నవ్. పటేలోల్ల బిడ్డ మా ఇంట్ల కూసుండి చాయ తాగిందని నేను మూడు దినాలు మురిసిన. గల్లీల అందరికి చెప్పిన. అప్పుడు నీకెరుకనా, గిట్లైతదని?”

“ఎరుక లేకుండె.”

“ఇప్పుడెరుకనా?”

“పోయిన వారం ఎరుకైంది.”

“ఎరుకైనంక ఏం జేసినవ్?”

ప్రతీక్షకు అబద్ధం చెప్పాలని కూడా అనిపించలేదు. “ఏం జెయ్యలె,” అంది. “ఇంక తొమ్మిది మందిని జమ చేసిన.”

శివవ్వ ఆమెను కొడుతుందేమో అనిపించింది. కొడితే బాగుండు అని కూడా అనిపించింది, ఎక్కడో దూరంగా. శివవ్వ కొట్టలేదు. కొంగు ముడి విప్పి ఫోన్ తీసింది.

“ఠాణాకు పోయిన. పెద్ద పిల్లగాడు, తన కుషీతోని పోయిండు, ఫోన్ చేస్తనే ఉన్నడు గదా, నీకేం తిప్పలు అన్నరు. అవ్, ఫోన్ చేస్తడు. ఐతారం ఐతారం చేస్తడు. ఈ ఫోన్ల మాటలు దాసుకుంటయట. ఇను.”

సిద్ధార్థ గొంతు సన్నగా, దగ్గరగా వినిపించింది. ‘అవ్వా, మంచిగున్న. నువ్వు రంది పడకు. ఇయ్యాల చాపల పులుసు పెట్టిండ్రు. ముండ్లు ఏరి పెడుతరిక్కడ. దుప్పటి సుత కొత్తది ఇచ్చిండ్రు, నీలిరంగుది, అంచుకు తెల్ల గీత…’

శివవ్వ ఆపింది. “అబద్ధం. చిన్నప్పుడు గొంతుల ముల్లు ఇరికినకాడికెల్లి వాడు చాప ముట్టడు. నాకు తెల్వాలెననే చాపల పులుసన్నడు.”

ప్రతీక్షకు చేప సంగతి తెలియదు. కాని సిద్ధార్థ అబద్ధం ఎలా ఉంటుందో పదకొండు ఆటలు విన్న చెవికి బాగా తెలుసు. ‘వట్టి అబద్ధం ఎవ్వరు నమ్మరక్కా, అండ్ల కూర పెట్టాలె, రంగు పెట్టాలె’ అని నవ్వేవాడు. దుప్పటి అంచుకు తెల్ల గీత అన్నాడంటే దుప్పటే లేదన్నమాట.

“ఇప్పుడు మొన్న ఐతారంది ఇను.”

మళ్లీ అదే గొంతు. అన్నం, ఏసీ గది, స్నేహితులు. తర్వాత ఫోన్ పెట్టేసే ముందు గబగబా: ‘ప్రతీక్షక్క కనబడితె అడిగిన్నని చెప్పు. తొమ్మిది మందితోని ఆట కాదని చెప్పు. గంతే చెప్పు అవ్వా.’

“గిదొక్కటే నిజం,” అంది శివవ్వ. “నిజమైతె వాడు జల్ది చెప్తడు, నోట్లె నిప్పు కణిక ఉన్నట్టు. గందుకే ఇయ్యాల పత్తికి పోకుండ నీ కాడికచ్చిన. ఏంది దీని మతలబు?”

ప్రతీక్ష ఆ మాటను మళ్లీ ఒకసారి పెట్టించుకుని విన్నది. రెండోసారి వినకముందే అర్థమైంది.

“పది మంది నిండకుంటె ఆట షురువు కాదు. తొమ్మిది కాడనే ఆపుమంటుండు. ఇంకెవ్వలను పంపకుమంటుండు.”

శివవ్వ తల ఊపింది. ఆమె మొహంలో ఒక్క క్షణం గర్వంలాంటిది కనబడి పోయింది. తను అక్కడ పడి ఉండి ముక్కూమొహం తెలియనివాళ్ల గురించి ఆలోచిస్తున్నాడు కొడుకు.

“మరి ఆపుతవా?”

“ఆపుత.” ఫ్యాను ఆపుతా అన్నట్టే అంది ప్రతీక్ష.

“ఆపితె వాడు ఇంటికస్తడా?”

మెట్ల కింద వీధిలో ఆటోవాడు తరోడా నాకా, తరోడా నాకా అని పిలుస్తున్నాడు.

“రాడు.”

“నువ్వు ఆపితె వాళ్లు ఊకుంటరా?”

“ఊకోరు. నా అసోంటోల్లు ఇంక ఉన్నరు. ఇంకోల్లతోని తెప్పిచ్చుకుంటరు.”

“అయితె నా పేరు రాయి.”

ప్రతీక్షకు ముందు వినిపించనట్టే అనిపించింది.

“పదో పేరు నాది రాయి. వాడు ఏడున్నడో ఎరుకైనోడు ఒక్కడే గదా, నీ మాలక్. వాని ముంగటికి నన్ను పంపు.”

“నీకు ఆట తెల్వదు శివవ్వా.”

“చెప్పు.”

ప్రతీక్ష చెప్పింది. ఊరు, పదిమంది, ఇద్దరు దొంగలు. ముందు మాలక్ ఫోన్ చేసి రెండు నిమిషాలు మాట్లాడి మనిషిని పరీక్షిస్తాడని, చివరికి ‘నేను నమ్మేటట్టు ఒక అబద్ధం చెప్పు’ అంటాడని చెప్పింది. దొంగవైతే మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఒకటి మాట్లాడాలని, గొంతు వణికితే దొరికిపోతావని చెప్పింది. శివవ్వ అంతా విని, “గింతేనా?” అంది.

“గింతే అంటె గింతే కాదు. చదువుకున్నోల్లే దొరుకుతరు.”

“ముప్పయి ఏండ్ల సంది మీ చేన్ల పనిచేస్తున్న,” అంది శివవ్వ. “నడుము నొస్తుందా శివవ్వా అంటడు మీ నాయిన. లేదు పటేలా అంట. తిన్నవా అంటది మీ అవ్వ. తిన్న పటేలమ్మా అంట. కడుపుల ఒకటి, నోట్లె ఒకటి. ముప్పయి ఏండ్లల్ల ఒక్కసారన్న దొరికిన్నా మీకు?”

ప్రతీక్ష ఆమె మొహాన్ని చూసింది. చిన్నప్పటినుంచి రోజూ చూసిన మొహం. అందులో ఏముందో తనకు ఎన్నడూ తెలియదని ఇప్పుడు తెలిసింది.

“సిద్ధు పంపద్దన్నడు,” అంది చివరి మాటగా.

“పరాయోల్లను పంపద్దన్నడు. నన్నద్దనలె.”

ప్రతీక్ష ఫోన్ తీసింది. పేరు గోదావరి అని రాసింది. ఊరు ముఖేడ్. వయసు ముప్పయ్యెనిమిది. పని, కుట్టుపని. నంబరు మాత్రం మాలక్‌కు తెలియని అభ్యాసిక ఫోనుది ఇచ్చి, ఆ ఫోన్ బల్ల మీదనుంచి తెచ్చుకుంది. ప్రతిదీ శివవ్వకు చదివి వినిపించింది. శివవ్వ పెదవులు కదుపుతూ ఒకసారి చెప్పుకుంది, మళ్లీ అడగలేదు. పంపించే ముందు ప్రతీక్ష బొటనవేలు ఆగింది. ఆగినందుకు ఆమెకే ఆశ్చర్యమేసింది. వారం రోజుల్లో తన ఒంట్లో ఏదైనా దానంతటది ఆగడం అదే మొదలు. తర్వాత నొక్కింది.

పది నిమిషాలు కాలేదు, అభ్యాసిక ఫోన్ మోగింది. చప్పుడు తగ్గించి ఇద్దరికీ వినబడేలా పెట్టి శివవ్వ చేతికిచ్చింది.

మాలక్ గొంతు ఎప్పుడూ యంత్రంలో పోసి తీసినట్టే ఉంటుంది. ఆడో మగో, ముసలో పడుచో చెప్పలేం. కాని మాట మాత్రం ఇటువైపు మాటే.

“పేరేంది?”

“గోదావరి.”

“ఏం జేస్తవ్ గోదావరీ?”

“మిషిని కుడుత. ముఖేడ్‌ల మా ఇంటి ముంగటనే. పొద్దుగాల ఒక పెండ్లి జాకెట్టు చెడగొట్టిన. చేతులు పొట్టిగైనయ్. పసుపు పచ్చ పట్టు, మల్ల దొరుకుతదో దొరకదో. ఆ పిల్ల తల్లి ఇంక కిందనే కూసున్నది, నన్ను తిట్టుకుంట. ఆమె కండ్ల పడకుండ మెట్లెక్కి మాట్లాడుతున్న. గందుకే గొంతు తగ్గిచ్చిన, ఏమనుకోకు.”

ప్రతీక్ష గోడకు ఆనుకుంది. అబద్ధంలో కూర ఉంది, రంగు ఉంది. సిద్ధార్థ ఈ విద్య ఎక్కడ నేర్చాడో ఇన్నాళ్లూ ఆమె ఆలోచించలేదు. ఇంట్లోనే నేర్చాడు.

“ఈ ఆటకు ఎందుకస్తున్నవ్?”

“పొద్దంత బట్టతోనే మాట్లాడుత అన్నా. అది మాట్లాడదు. మనుషులతోని రెండు మాటలు మాట్లాడాలనిపిచ్చింది.”

అవతల చిన్న నవ్వు, యంత్రంలో గరగరలాడింది. “మంచిగ మాట్లాడుతవ్. ఆఖరుది. నేను నమ్మేటట్టు ఒక అబద్ధం చెప్పు.”

ఈ ప్రశ్నకు అందరూ తడుముకుంటారు. విత్తనాల దుకాణంవాడు తను పోలీసునన్నాడు. గోకుంద అమ్మాయి తనకు పెళ్లయిందంది. శివవ్వ తడుముకోలేదు. ఒళ్లో పెట్టుకున్న ఎడమచేతి వైపు చూసుకుంది, గోటి పక్కన ఎండిన నెత్తురును బొటనవేలితో రుద్దింది.

“నాకు పిల్లలు లేరు,” అంది.

తలుపవతల ఎవరో పేజీ తిప్పారు.

“ఇది అబద్ధమా, నిజమా?” అన్నాడు మాలక్.

“నువ్వే చెప్పాలె అన్నా. ఆట నీది గదా.”

ఈసారి గట్టిగా నవ్వాడు. “తీసుకున్న. నిన్ను చోర్‌నే చేస్త. రేపు పొద్దుగాల తొమ్మిదింటికి ఆట. పదిట్ల ఒకన్ని తీసేసిన, వాని జాగల నీ జోడీ చోర్ మా మనిషి, ఇక్కడికెల్లి ఆడుతడు. మా కాడ అందరికన్న మంచోడు. అన్నీ నేర్పుతడు నీకు. సిద్ధు అంటరు.”

ఫోన్ పట్టుకున్న చెయ్యి కదల్లేదు. గొంతు కూడా కదల్లేదు. “మంచిది అన్నా,” అంది శివవ్వ.

లైను పోయింది. శివవ్వ ఫోన్‌ను మెట్టు మీద పెట్టి రెండు చేతులూ మోకాళ్ల మధ్య ఇరికించుకుంది. మోకాళ్లతో గట్టిగా నొక్కి పట్టుకుంది.

“వాడు బతికే ఉన్నడు,” అంది.

“ఉన్నడు.”

“నా గొంతింటె వాడు ఊకోడు బిడ్డా. ఎంత అబద్ధం నేర్చినా నా కాడ రాదు వానికి. అవ్వా అంటడు. నోట్లెకెల్లి ఎల్లిపోతది.” కొంచెం ఆగింది. “గట్లంటె వాణ్ణి ఏం జేస్తరు?”

ప్రతీక్షకు తెలుసు. అమోల్ ఒక్కొక్కటీ విడమరిచి చెప్పాడు, అన్నీ గుర్తున్నాయి. ఆమె నోరు తెరిచింది. చూస్తే కళ్లలో నీళ్లు తిరిగాయి, ఎప్పుడు తిరిగాయో తెలియదు.

“రేప్పొద్దుటి వరకు టైమున్నది,” అంది ఎలాగో. “ఏదన్న ఆలోచిస్త. వానికి ముందుగాల ఎట్లనన్న ఎరుక చేద్దాం, నువ్వని. గొంతు మార్చి—”

మెట్టు మీద ఫోన్ మళ్లీ మోగింది.

ఇద్దరూ దాన్ని చూశారు. మూడోసారి మోగేదాకా ఎవరూ ముట్టలేదు. నాలుగోసారికి శివవ్వే తీసింది.

“గోదావరీ,” అన్నాడు మాలక్. “రేపటిదాంక ఎందుకు. సిద్ధు ఇప్పుడు నా పక్కకే కూసున్నడు. మాట్లాడుకోండ్రి ఇద్దరు, నేను సుత ఇంటుంట.”

కుర్చీ జరిగిన చప్పుడు. ఎవరో ఊపిరి తీసుకున్నారు. యంత్రంలో పోయని గొంతు, మామూలు గొంతు, నాలుగు నెలలుగా ఆదివారాలు మాత్రమే శివవ్వ ఇంట వినబడే గొంతు.

“నమస్తె,” అన్నాడు సిద్ధార్థ. “ఎవలు మాట్లాడేది?”

శివవ్వ నోరు తెరిచింది.

(తరువాయి వచ్చే వారం)